ట్రాలర్ బోటులో ఏ గదులు మేలు? రాత్రి దారి, పగటి దారి గీసి చూడండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు సియాటిల్‌లో ఉంటారు. పిల్లలకు తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. ఏటా ఏప్రిల్ నుంచి ఆరు నెలలు మేమూ అక్కడే ఉంటాం. వాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ట్రాలర్ రకం మోటారు బోటు, అంటే చేపల పడవ ఆకారంలో ఉండి, లోపల గదులతో నిదానంగా పోయే విహారపు బోటు కొనాలని చూస్తున్నారు. శని, ఆదివారాల్లో ఆరుగురం కలిసి రెండు రాత్రులు బోటులోనే ఉండాలని వాళ్ల ఆశ. 32 నుంచి 37 అడుగుల మధ్య మూడు రకాల ప్లాన్లు వాట్సాప్‌లో పంపి, మీకు ఏది అనుకూలమో చెప్పండి అంటున్నాడు. ఒకదానికి ముందొక పడక గది, వెనకొక పడక గది ఉన్నాయి. రెండోదాన్ని సెడాన్ అంటున్నాడు, మూడోది పైలట్‌హౌస్. నాకు 67, మా ఆవిడకు 62. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బొమ్మ చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి. దేనికి సరే అనాలి?

సమాధానం: మీ అబ్బాయి అడగాల్సిన వాళ్లనే అడిగాడు. బోటు కొన్నాక పరుపు మార్చుకోవచ్చు, పొయ్యి మార్చుకోవచ్చు, ఫ్రిజ్, కర్టెన్లు, దీపాలు అన్నీ మార్చుకోవచ్చు. మెట్లను, గోడలను, తలుపులను మాత్రం కదపలేరు. అందుకే ప్లాన్ చేతికి రాగానే ఎన్ని పడకలున్నాయో లెక్కపెట్టడం ఆపి, దాని మీద పెన్సిల్‌తో రెండు దారులు గీయండి. ఒకటి రాత్రి దారి: మీ ఆవిడ అర్ధరాత్రి లేచి టాయిలెట్‌కు వెళ్లి తిరిగి పడకకు వచ్చే దారి. రెండోది పగటి దారి: బోటు డాక్‌కు, అంటే బోట్లు కట్టేసే చోటికి, ఆనుకునేటప్పుడు స్టీరింగ్ దగ్గర్నుంచి తాడు కట్టే చోటికి మీ అబ్బాయో కోడలో వెళ్లే దారి. ఈ రెండూ చక్కగా ఉన్న బోటులో మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు. ఈ రెండూ చెడితే ఎంత అందమైన సోఫా ఉన్నా నాలుగు వారాలకే అందరికీ విసుగొస్తుంది.

మూడు బొమ్మలూ ఒకేలా కనిపించడానికి కారణం, పైనుంచి గీసిన ప్లాన్‌లో ఎత్తుపల్లాలు తెలియవు. ట్రాలర్‌లో డీజిల్ ఇంజిన్ బోటు నడిమధ్యన, అట్టడుగున కూర్చుంటుంది. దాని మీద వేసిన నేలే సెలూన్, అంటే అందరూ కూర్చునే పెద్ద గది. ఇంజిన్ ఎత్తు వల్ల ఆ నేల పైకి లేస్తుంది. ఇంజిన్‌కు ముందూ వెనకా బోటు పొట్టలో ఖాళీ ఉంటుంది. పడక గదులు అక్కడ పెడతారు, మనిషి నిలబడే ఎత్తు కోసం వాటి నేలను కిందికి దించుతారు. అందుకే సెలూన్ నుంచి ఏ పడక గదికి పోవాలన్నా మూడు నాలుగు మెట్లు దిగాలి. ప్లాన్‌లో నడిచే చోట అడ్డంగా దగ్గర దగ్గరగా గీతలు కనిపిస్తే అవి మెట్లే. ప్రతి ప్లాన్‌తోపాటు పక్కనుంచి నిలువునా కోసినట్టు గీసిన బొమ్మ కూడా పంపమనండి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అసలు కబురు చెప్పేది ఆ రెండో బొమ్మే.

ఇక ప్రొద్దుటూరులో కూర్చునే చేయగలిగిన పని ఒకటుంది. మిద్దె మీద ముగ్గుపిండితో బోటును నిజమైన కొలతలకు గీయండి. 36 అడుగుల పొడవు, పన్నెండున్నర అడుగుల వెడల్పు. రెండడుగుల నాపబండలు పరిచిన మిద్దె అయితే ఇంకా సులువు: పొడవుకు పద్దెనిమిది బండలు, వెడల్పుకు ఆరుకు కొంచెం పైన. ముందు భాగాన్ని కొసకు వచ్చేటట్టు సన్నగా తేల్చండి. రెండు పక్కలా నడవడానికి పదిహేను అంగుళాల చొప్పున వదిలేస్తే లోపల సెలూన్‌కు తొమ్మిదిన్నర, పది అడుగుల వెడల్పే మిగులుతుంది, పొడవు పదకొండు పన్నెండు అడుగులు. అందులోనే సోఫా, బల్ల, పొయ్యి గట్టు, సింకు, ఫ్రిజ్, స్టీరింగ్ అన్నీ ఇమడాలి. వాటి చోట్లు కూడా ముగ్గుతో గీసి, తలుపులున్న చోట ఇరవై అంగుళాల సందు వదలండి. పక్కింటి వాళ్లను నలుగురిని పిలిచి ఆరుగురూ అందులో ఓ గంట కూర్చోండి. ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే వెనక నుంచి రెండో మనిషి పోగలడా? పిల్లలు బల్ల దగ్గర ఉంటే సోఫా మంచంగా మారుతుందా? చీకటి పడ్డాక టార్చ్ పట్టుకుని మీ పడక నుంచి టాయిలెట్ గీత దాకా నడిచి చూడండి. ఫోన్‌లో బొమ్మను వంద సార్లు చూసినా రాని స్పష్టత ఇలా చేస్తే వస్తుంది.

మెట్లను కూడా అక్కడే పరీక్షించుకోవచ్చు. మన ఇళ్లల్లో మెట్టు ఎత్తు ఆరు, ఏడు అంగుళాలు, కాలు పెట్టే చోటు పది అంగుళాల దాకా ఉంటుంది. బోటు మెట్టు తొమ్మిది నుంచి పదకొండు అంగుళాల ఎత్తు ఉంటుంది, కాలు పెట్టే చోటు ఒక్కోసారి ఆరేడు అంగుళాలే. మూడు ఇటుకలు పడుకోబెట్టి పేరిస్తే దాదాపు తొమ్మిది అంగుళాలు. గోడ పక్కన వాటి మీద గట్టి పలక వేసి మీ ఆవిడను ఎక్కి దిగమనండి, మీరు పక్కనే ఉండండి. దిగేటప్పుడు ముఖం మెట్ల వైపు తిప్పి, చేత్తో పట్టుకుని వెనక్కి దిగడం బోటులో సరైన పద్ధతి, మోకాలికీ అదే నయం. చేతి పట్టు ఉంటే ఆ ఎత్తు ఆమెకు ఇబ్బంది లేదంటే మూడు ప్లాన్లలో దేన్నయినా ఆలోచించవచ్చు. అస్సలు కుదరదంటే ఆ మాట ఇప్పుడే అబ్బాయికి చెప్పండి. అప్పుడు వెతకాల్సింది సెలూన్ మట్టంలోనే టాయిలెట్ ఉన్న బోటు. ఈ పొడవులో అది అరుదు. దొరికితే ఆ ఒక్క కారణానికే దాన్ని జాబితాలో మొదట పెట్టాలి.

ఇప్పుడు మొదటి రకం, ముందొక గది వెనకొక గది ఉన్నది. గ్రాండ్ బ్యాంక్స్ 36 క్లాసిక్ దీనికి పేరుపడ్డ నమూనా. తైవాన్‌లో కట్టిన ట్రాలర్లు చాలా వాటిల్లో కూడా ఇదే అమరిక. నడుమ సెలూన్, అందులోనే వంటపొయ్యి, స్టీరింగ్. మూడు నాలుగు మెట్లు దిగితే ముందు గది, దానికొక టాయిలెట్. వెనక్కి మళ్లీ అన్ని మెట్లే దిగితే రెండో గది, దానికి ఇంకో టాయిలెట్. ఆ వెనక గదిలోనే ఉంది మీకు కావలసిన సుఖం. పడక, టాయిలెట్ ఒకే నేల మీద ఉంటాయి కాబట్టి రాత్రి దారిలో ఒక్క మెట్టు కూడా రాదు. చాలా బోట్లలో ఈ గదిలో ఒకవైపు పెద్ద పడక, ఇంకోవైపు చిన్న పడక, నడుమ నడవ ఉంటాయి. ఒకరు లేవాలంటే ఇంకొకరిని దాటుకుంటూ పోవాల్సిన పని లేదు. పైగా ఈ గది నుంచి నేరుగా వెనక డెక్ (బోటు పైన ఆరుబయట నిలబడే నేల) మీదికి వెళ్లే తలుపు ఉంటుంది. కొన్ని బోట్లలో మాత్రం తలుపు ఉండదు, నెత్తి మీద మూత తీసుకుని పైకి పోవాలి. ఏది ఉందో అడిగి ఖాయం చేసుకోండి. సెలూన్‌లో పొయ్యి దగ్గరో, దాని కింద ఇంజిన్ దగ్గరో మంట లేస్తే, ఆ గదిలో పడుకున్న వాళ్లు బయటపడే దారి అదొక్కటే.

పగటి దారి విషయంలోనూ ఈ రకానికి మంచి మార్కులే. స్టీరింగ్ పక్కనే డెక్ మీదికి తలుపు ఉంటుంది. బోటు చుట్టూ అంతా నడవ, దాని పొడవునా రెయిలింగ్. నడిపే మనిషి ఒక్క అడుగు బయటకు వేస్తే నడిమి తాడు చేతికందుతుంది. మీ అబ్బాయి, కోడలు ఇద్దరే బోటు కట్టుకోవాలి, పైగా పిల్లల మీద కన్నేసి ఉంచాలి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బోటు నడుమ ఉన్న కొక్కెం నుంచి తాడును వెనక్కి లాగి డాక్ మీది కొక్కేనికి ముందుగా కట్టేస్తే, ఇంజిన్‌ను అతి నెమ్మదిగా ముందుకు వేసి, స్టీరింగ్‌ను డాక్‌కు దూరంగా పోయే వైపు తిప్పి ఉంచితే చాలు, బోటు దానంతటదే డాక్‌కు అతుక్కుని ఆగుతుంది. తర్వాత ముందు తాడు, వెనక తాడు తీరిగ్గా కట్టుకోవచ్చు. ఈ పద్ధతి ఎంత తేలిగ్గా సాగుతుందన్నది స్టీరింగ్‌కూ ఆ నడిమి కొక్కేనికీ మధ్య దూరం మీదే ఉంటుంది. సియాటిల్ నగరంలోని లేక్ యూనియన్ సరస్సులో బోటు పెట్టుకుంటే ఇది ఇంకా ముఖ్యం. అక్కడి నుంచి సముద్రం వైపు పోవాలంటే 1917లో తెరిచిన బాలర్డ్ లాక్స్ దాటాలి. అవి గేట్లు మూసి, నీటి మట్టం మార్చి, బోట్లను సరస్సు నుంచి సముద్రం మట్టానికి దించే తొట్లు. నీరు దిగుతున్నంతసేపూ ముందొకరు, వెనకొకరు తాడు పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతూ ఉండాలి. బోటు చుట్టూ నడవ లేకపోతే అక్కడ కష్టం.

దీనికి లోపాలూ ఉన్నాయి. డాక్ నుంచి బోటు పక్క డెక్ మీదికి ఎక్కాలి. ఆ ఎత్తుకు డాక్ మీద రెండు మూడు మెట్ల పెట్టె ఒకటి పెట్టుకోవాలి. ఎక్కాక గడప దాటి సెలూన్‌లోకి మళ్లీ దిగాలి. వెనక గది పైకప్పు వల్ల అందరూ కుర్చీలు వేసుకుని కూర్చునే వెనక డెక్ చిన్నదైపోతుంది. నీటి మట్టంలో ఉండే వెనక పలక మీదికి నిచ్చెన పట్టుకు దిగాలి, అది మీ ఇద్దరికీ వద్దు. డాక్ దగ్గర కట్టినప్పుడు గాలి అలను వెనక నుంచి తోస్తే, బోటు వెనక అంచు కింద నీళ్లు తట్టే చప్పుడు రాత్రంతా పడక కిందే వినిపిస్తుంది. స్టీరింగ్ యంత్రం కూడా తరచూ ఆ పడక కిందే ఉంటుంది, దాన్ని చూడాలంటే పరుపు ఎత్తాలి. ఇవన్నీ నిజమే. కానీ చాలావాటికి ఉపాయం ఉంది.

సెడాన్‌లో సెలూన్ వెనక్కి జరుగుతుంది. తలుపు తీస్తే దాదాపు అదే మట్టంలో వెనక డెక్, దాని పక్కనో వెనకో చిన్న గేటు. డాక్ మీంచి బోటులోకి రావడం మూడు రకాల్లోకీ ఇందులోనే తేలిక. పగలంతా సెలూన్, వెనక డెక్ మధ్య మెట్ల బాధ దాదాపు లేకుండా తిరగొచ్చు. పైకప్పును వెనక్కి, పక్కలకు పొడిగించిన సెడాన్‌ను యూరోపా అంటారు. దాంట్లో వాన పడుతున్నా వెనక డెక్ మీద కూర్చోవచ్చు. మనవళ్లు చేపలు పడుతుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలంటే దీనికి సాటి లేదు. పగటిపూట తిరిగి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే కుటుంబమైతే రెండో ఆలోచన లేకుండా ఇదే తీసుకోమని చెప్పేవాళ్లం.

మీరు రాత్రులు ఉంటారు. అక్కడే సెడాన్ ఇబ్బంది పెడుతుంది. పడక గదులన్నీ ముందు వైపే. ఈ పొడవులో సాధారణంగా ఒక పెద్ద గది, దొరికితే పక్కన రెండు బంకుల (రైలు బెర్తుల్లాంటి ఇరుకు పడకల) చిన్న గది, అందరికీ కలిపి ఒకే టాయిలెట్. పెద్ద గది మీకు ఇచ్చి, బంకులు పిల్లలకు ఇస్తే, అబ్బాయి, కోడలు సెలూన్‌లో సోఫా పరుచుకుని పడుకోవాలి. అందరూ తినడం అయ్యేదాకా వాళ్లకు పడక లేదు. మీరు తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టుకుందామంటే పొయ్యి వాళ్ల తల దగ్గరే. ఇంకో సంగతి: ముందు గదిలో ఉన్నవాళ్లకు మెట్ల దారి మూసుకుపోతే, పడక మీద నిలబడి నెత్తి మీద మూత తెరుచుకుని, చేతుల మీద బరువు వేసి పైకి లేవాలి. మోకాళ్లు నొప్పులున్న మనిషికి అది అయ్యే పని కాదు. ఈ ఒక్క కారణానికే పెద్దవాళ్ల పడకను ముందు గదిలో పెట్టడం మాకు ఇష్టం ఉండదు.

ముందు గది పడక ఆకారం కూడా చూడండి. బోటు ముక్కు సన్నగిల్లే చోట రెండు పరుపులను కోణంగా కలిపి వేస్తారు. కాళ్ల వైపు వెడల్పు రెండడుగులకు మించకపోవచ్చు, ఇద్దరి పాదాలూ ఒకదానికొకటి తగులుతాయి. నేల నుంచి పడక ఎత్తు మూడడుగుల దాకా ఉంటుంది, దాని మీదికి ఎక్కడానికే ఒక మెట్టు కావాలి. రైల్లో పై బెర్తు ఎక్కడం మానేసిన మనిషికి ఇది కూడా వద్దు. చుట్టూ నడిచే వీలున్న పడక ఉన్న గది అయితే మాట వేరు. ఎలాంటిదైనా, కొనే ముందు ఇద్దరూ నిజంగా పడుకుని, లేచి కూర్చుని చూడాలి. తల పైన తగులుతుందా? కాళ్లు పూర్తిగా చాపగలరా? ఆరడుగుల నాలుగంగుళాల పొడవు లేని పడకను పెద్దవాళ్ల పడకగా లెక్కేయకండి. బంకు వెడల్పు రెండడుగులకు తగ్గితే అది పిల్లలకే.

పైలట్‌హౌస్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్టీరింగ్‌కు విడిగా, సెలూన్ కంటే రెండు మూడు మెట్లు ఎత్తులో గది కట్టి, రెండు వైపులా తలుపులు పెడతారు. నడిపేవాళ్లకు ఇది చాలా మంచిది: చూపు దూరం ఆనుతుంది, రెండు పక్కలకూ బయటకు పోవచ్చు, రాత్రి సెలూన్‌లో దీపం వెలుగుతున్నా వాళ్ల కళ్లకు అడ్డు రాదు. నార్డిక్ టగ్ బోట్లు ఈ తరహావి. కానీ సెలూన్ నుంచి పడక గదికి పోవాలంటే ముందు పైకెక్కాలి, తర్వాత ఇంకా ఎక్కువ మెట్లు కిందికి దిగాలి. మధ్యాహ్నం టాయిలెట్‌కు వెళ్లినా అదే ఎక్కుడు, అదే దిగుడు. 32 అడుగుల టగ్‌లో పడక గది ఒక్కటే ఉంటుంది, ఆరుగురికి చాలదు. మీ అబ్బాయికి మున్ముందు ఉత్తరాన అలాస్కా దాకా వారాల తరబడి పోవాలని ఉంటే ఈ రకం సబబు. శని, ఆదివారాల కోసం, మీ ఇద్దరితో కలిసి అయితే వద్దనే చెబుతాం. సన్‌డెక్ అని ఇంకో రకం ప్లాన్ కూడా వాళ్ల కంట పడొచ్చు. వెనక గది బోటు వెడల్పంతా పరుచుకుని చాలా విశాలంగా, చూడగానే నచ్చేలా ఉంటుంది. ఆ గది మీదే డెక్ వేస్తారు కాబట్టి అది బాగా ఎత్తులో ఉంటుంది. డాక్ నుంచి దాని మీదికి అయిదారు మెట్ల నిచ్చెన. ఎత్తు వల్ల పక్క గాలి కూడా బోటును గట్టిగా తోస్తుంది. దాని జోలికి పోవద్దు.

కాబట్టి మా మాట: రెండు రాత్రులు ఆరుగురు ఉండే మీ కుటుంబానికి ముందొక గది, వెనకొక గది ఉన్న మొదటి రకమే సరైనది. వెనక గది మీకు, ముందు గది అబ్బాయికి, కోడలికి, సెలూన్ సోఫా పిల్లలకు. మోకాళ్ల నొప్పి అనగానే చాలామంది సెడాన్ చూపిస్తారు, బోటులోకి ఎక్కడం సులువని. ఎక్కడం రోజుకు రెండు మూడు సార్లు, పగటి వెలుగులో, పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఉండగా. దానికి మెట్ల పెట్టె, ఒక స్టీలు పట్టుకొమ్మ సరిపోతాయి. చీకట్లో, నిద్రమత్తులో, బోటు ఊగుతుండగా నడిచే దారికి తర్వాత ఏ మరమ్మతూ లేదు. పగలు సెలూన్ నుంచి టాయిలెట్‌కు మెట్లు దిగడం మాత్రం మూడు రకాల్లోనూ తప్పదు. ఆ మెట్లకు రెండు వైపులా పట్టుకొమ్మలు బిగించి, అంచులకు జారని పట్టీ అతికించమనండి. పట్టుకొమ్మను పలుచని చెక్క తొడుగుకు స్క్రూలతో బిగిస్తే మనిషి బరువుకు ఊడొస్తుంది. వెనక వైపు నుంచి బోల్టు, వాషరు వేసి బిగించాలి.

టాయిలెట్‌లో చూడాల్సింది గది వైశాల్యం కంటే ట్యాంకు. సియాటిల్‌ను ఆనుకుని ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ జలాల్లో 2018 నుంచి మురుగు వదలడం నిషేధం. అంతా బోటులోని ట్యాంకులోనే పట్టి, మెరీనాలో, అంటే బోట్లు నిలిపే రేవులో, పంపుతో తోడించాలి. 40 గ్యాలన్ల ట్యాంకు అంటే 150 లీటర్లు. ఆరుగురు, ఒక్కొక్కరు రోజుకు అయిదు సార్లు, మనం కడుక్కునే నీళ్లతో కలిపి సారికి మూడు లీటర్లు వేసుకుంటే రోజుకు 90 లీటర్లు. రెండో రోజు సాయంత్రానికే నిండిపోతుంది. చెంబుకు బదులు చేతి స్ప్రే బిగిస్తే నీళ్లు సగానికి సగం తగ్గుతాయి. రెండు టాయిలెట్లున్న బోటులో రెండిటికీ ఒకటే ట్యాంకా, వేర్వేరా, ఒక్కోటి ఎంత అని అడగండి. ట్యాంకు మీ పడక కింద ఉంటే పైపుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. పాత రబ్బరు గొట్టాల్లోంచి వాసన బయటికి ఊరుతుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో గొట్టాన్ని తుడిచి, ఆ గుడ్డను వాసన చూస్తే తెలిసిపోతుంది. గొట్టాలు మారిస్తే పోతుంది, కాకపోతే అది డబ్బు ఖర్చయ్యే పని, బేరంలో చెప్పుకోవాల్సిన పని.

వంట సంగతి మీ ఆవిడ చూస్తారు. పొయ్యి సెలూన్‌లో, కిటికీ దగ్గర ఉంటే తాలింపు ఘాటు బయటికి పోతుంది. కింద పడక గది పక్కన ఉన్న ప్లాన్‌లో ఆ వాసన పరుపులకు పడుతుంది. ప్రెజర్ కుక్కర్ కొలత పట్టుకుపోండి, పై అల్మరాకూ పొయ్యికీ మధ్య అది విజిల్‌తో సహా పట్టాలి. రాగి సంగటి చేయాలనుకుంటే గిన్నెను పొయ్యి మీద రెండు వైపులా బిగించి పట్టే కమ్మీలు ఉండాలి. తెడ్డుతో గెలికేటప్పుడు గిన్నె తిరిగితే, పైగా బోటు ఊగితే, మరిగే సంగటి కాళ్ల మీద పడుతుంది. లంగరు వేశాకో డాక్ దగ్గరో మాత్రమే ఆ వంట పెట్టుకోండి. గ్యాస్ పొయ్యి అయితే సిలిండరు బయట డెక్ మీద విడి పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె అడుగు నుంచి బోటు బయటికి గొట్టం ఉండాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే బోటు అడుగున చేరి నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక్కడి మిక్సీ తీసుకుపోవద్దు. మన మిక్సీలు 230 వోల్టులవి, అక్కడ 120. అక్కడి మిక్సీ కొన్నా 750 వాట్లదైతే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. చట్నీ పొడులు ఇంట్లోనే కొట్టుకుని పోవడం మేలు.

బోటు చూడటానికి మీరూ వెళ్తే ఒక గంట సెలూన్‌లో కాకుండా వెనక గదిలో గడపండి. ముందు పరుపు ఎత్తి కింద చెక్క మీద చెయ్యి పెట్టండి. చెమ్మ తగిలితే, నల్లటి మచ్చలుంటే కారణం రెండిట్లో ఒకటి. మొదటిది, అక్కడి చలికి మన ఊపిరిలోని తేమే పరుపు కింద బోటు గోడ చల్లని ఫైబర్‌గ్లాస్‌కు తగిలి నీరవుతుంది. పరుపు కింద గాలి ఆడే పలకలు వేస్తే, హీటర్ గొట్టం ఆ గదికి సరిగా వస్తే ఇది తగ్గుతుంది. కడప ఎండలకు అలవాటుపడ్డ వాళ్లకు ఏప్రిల్, మే నెలల్లో అక్కడి రాత్రులు గట్టి చలే కాబట్టి, హీటర్ పెట్టించి వెనక గదిలో వేడి గాలి చేత్తో తగిలేదాకా ఆగండి. రెండో కారణం ప్రమాదకరమైంది: డెక్ లీకు. పాత ట్రాలర్లలో ఫైబర్ డెక్ మీద టేకు పలకలను వందల స్క్రూలతో బిగించారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ స్క్రూల వెంట నీళ్లు దిగి, ఫైబర్ పొరల మధ్య ఉన్న చెక్క నాని కుళ్లుతుంది. కిటికీ మూలల నుంచి కూడా దిగుతుంది. కిటికీ కింద చెక్క తొడుగును వేళ్లతో నొక్కండి, మెత్తగా లోపలికి పోతే లోపల కుళ్లు ఉన్నట్టే. గ్రాండ్ బ్యాంక్స్ బోట్లు 1973కు ముందువి పూర్తిగా చెక్కతో కట్టినవి, వాటి సంగతి వేరు, వాటికి నిపుణుల చెయ్యి ఏటా పడాలి.

తర్వాత సెలూన్ నేలలో మూతలు తీయించండి. ఇంజిన్ నూనె రోజూ చూడాలి, అంటే రోజూ తివాచీ చుట్టి, మూత లేపాలి. ఆ మూత మీద బల్ల కాళ్లు బిగించి ఉంటే ఆ పని రోజూ వాయిదా పడుతుంది. 36 అడుగుల బోటులో రెండు ఇంజిన్లుంటే వాటి అవతలి పక్క చెయ్యి దూరదు, ఒక్క ఇంజిన్ ఉన్నదైతే చుట్టూ చోటుంటుంది. డీజిల్ ట్యాంకులు ఇంజిన్‌కు అటూ ఇటూ ఉంటాయి. తైవాన్ పాత బోట్లలో చాలావరకు ఇనుప ట్యాంకులు, పై డెక్ నుంచి కారిన నీళ్లు వాటి నెత్తిన నిలిచి తుప్పు పట్టిస్తాయి. వాటిని బయటికి తీయాలంటే కోయడమో, ఇంజిన్ పక్కకు జరపడమో తప్పదు. తుప్పు, డీజిల్ మరకలు కనిపిస్తే సర్వేయర్ (బోట్లను తనిఖీ చేసే నిపుణుడు) చేత అదే పనిగా చూపించాలి. ఎలాగూ బోటును నీళ్లలోంచి పైకి లేపించి సర్వే చేయించకుండా డబ్బు కట్టకూడదు.

ఈ బోట్లు నిదానంగా పోతాయన్నది కూడా గదుల ఎంపికలో లెక్కలోకి తీసుకోవాలి. నీటి మట్టం దగ్గర 35 అడుగుల పొడవున్న బోటు గంటకు దాదాపు 8 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) దాటి పోవాలంటే డీజిల్ విపరీతంగా తాగుతుంది. సియాటిల్ నుంచి ఉత్తరాన శాన్ జువాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్ ఊరు సుమారు 60 నాటికల్ మైళ్లు, అంటే రోజంతా ప్రయాణం. ఫెర్రీలు లేపే అలలు పక్కనుంచి తగిలినప్పుడు పైకప్పు మీద ఉండే రెండో స్టీరింగ్ దగ్గర ఊపు ఎక్కువ, ముందు గదిలో ఎగిరెగిరి పడుతుంది, సెలూన్ నడుమ నేల దగ్గర అన్నిటికంటే తక్కువ. కాబట్టి మీ ఆవిడ పగలు కూర్చునే చోటు సెలూన్ నడుమే, కిటికీలోంచి దూరపు గట్టు కనిపించేలా ఉండాలి. సోఫాలో కూర్చుంటే కిటికీ అంచు కళ్లకు అడ్డొస్తుందేమో చూడండి. అడ్డొస్తే నాలుగంగుళాల ఫోమ్ ఎత్తు పెంచితే చాలు. కడుపులో తిప్పడం చాలావరకు దాంతోనే తగ్గుతుంది.

మొదటిసారి బోటు చూడటానికి వెళ్లే వేళను కూడా అబ్బాయిని ముందే చూసుకోమనండి. సియాటిల్ దగ్గర సముద్రపు పోటుకూ పాటుకూ తేడా సుమారు 11 అడుగులు. తేలే డాక్‌లు నీటితోపాటు లేచి దిగుతాయి కాబట్టి డాక్‌కూ బోటుకూ మధ్య ఎత్తు మారదు. కానీ ఒడ్డు నుంచి డాక్ మీదికి దిగే వాలు వంతెన, పాటు వేళ బాగా ఏటవాలుగా అవుతుంది. పోటు పతాక స్థాయిలో ఉన్న గంటలో వెళ్తే అది దాదాపు చదునుగా ఉంటుంది. ఇక ప్రతివారం బోటు ఎక్కే వేళ, దిగే వేళ కూడా పోటు పట్టికను చూసే పెట్టుకోవాలి. లేక్ యూనియన్‌లో చోటు దొరికితే అక్కడ పోటుపాట్ల గొడవ లేదు.